ఎడమ పక్క గీతలు

కొత్తగా సీటెక్కిన లారీ డ్రైవరు ఎలా నడుపుతున్నాడో తెలియాలంటే అతన్ని అడగక్కర్లేదు. బండి ఎడమ పక్కకు వెళ్లి చూస్తే చాలు. బాడీ మీద అడ్డంగా సాగిన గీత, లోపలికి వంగిన మడ్‌గార్డు, వెనక ఎడమ టైరు పక్క గోడ మీద కోసుకుపోయిన రబ్బరు, సగం పగిలి తీగతో కట్టిన అద్దం అక్కడ కనిపిస్తాయి. కుడి పక్క మాత్రం కొన్ననాటి రంగుతో మెరుస్తూ ఉంటుంది. మన దేశంలో స్టీరింగు కుడివైపు కాబట్టి కుడి పక్కంతా డ్రైవరు మోచేతి కిందే ఉంటుంది. ఎడమ పక్క దాదాపు రెండున్నర మీటర్ల అవతల, కిటికీ అంచు కింద, కంటికి అందని చోట ఉంటుంది. అక్కడ ఏం జరుగుతోందో చెప్పేది ఒక అద్దం, పక్క సీట్లో మనిషి ఉంటే ఆ మనిషి.

ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం పోదు. ఈ తేడా కారుకూ ఉంటుంది గానీ పట్టించుకోవాల్సినంత ఉండదు. లారీ సంగతి వేరు. ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగిందనుకుంటే, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 5.6 మీటర్లున్న బండిలో వెనక చక్రం సుమారు 1.4 మీటర్లు లోపలికి కోసుకుంటూ వస్తుంది. ట్రాలీ తగిలించిన బండిలో అది ఇంకా పెరుగుతుంది. ఆ కాస్త జాగాలో కరెంటు స్తంభం ఉండొచ్చు. మురిక్కాల్వ మీద పరిచిన నాపరాయి ఉండొచ్చు. లారీ కుడికి జరిగింది కదా, ఎడమ పక్క సందు దొరికింది కదా అని దూరిన స్కూటరు ఉండొచ్చు. స్తంభమైతే బండికి గీత. నాపరాయైతే అది విరిగి కొట్టువాడితో గొడవ. స్కూటరైతే ఒక ఇంటి దీపం ఆరిపోతుంది.

మూడు చోట్లా డ్రైవరు చేసిన తప్పు ఒక్కటే. మలుపు కాస్త ముందుగా తిప్పాడు, ఎడమ అద్దం చూడలేదు. ఫలితం మాత్రం ఆ క్షణాన అక్కడ ఏముందన్నదాన్ని బట్టి మారింది. అందుకే గీతను చిన్నచూపు చూడకూడదు. ప్రాణం తీయగల తప్పు ప్రాణం తీయకుండా వదిలేసి వెళ్లిన గుర్తు అది. అమెరికాలో కర్మాగారాల ప్రమాదాలను పరిశీలించిన హెన్రిచ్ 1931లో ఒక లెక్క చెప్పాడు: ఒక పెద్ద గాయం జరిగిన చోట అంతకు ముందే 29 చిన్న గాయాలూ, గాయం లేకుండా తప్పిపోయిన 300 ఘటనలూ ఉంటాయని. ఆ అంకెల మీద తర్వాతి వాళ్లు చాలా అభ్యంతరాలు చెప్పారు. అంకెలు వదిలేసినా, పెద్ద ప్రమాదానికి ముందు చిన్న హెచ్చరికలు వస్తాయన్న మాట లారీ నడిపినవాళ్లకు కొత్తది కాదు. ఆ హెచ్చరికలు ఎవరి చెవిన పడుతున్నాయన్నదే అసలు ప్రశ్న.

*

చట్టం ఎవరినీ నేరుగా లారీ ఎక్కించదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు నిండనివాళ్లు రవాణా వాహనం నడపకూడదు. అంతకు ముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహనం లైసెన్సు చేతిలో ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. చదువు లేకపోయినా చెయ్యి తిరిగినవాళ్లకు అది దారి తెరిచింది. 2021లో గుర్తింపు శిక్షణ కేంద్రాల కోసం తెచ్చిన నిబంధనలు భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ ఉండాలన్నాయి. మునుపటితో పోలిస్తే ఇది మంచి అడుగే.

అయితే శిక్షణ బండి సాధారణంగా ఖాళీ బండి. లైసెన్సు పరీక్షా ఖాళీ బండి మీదే. ఉద్యోగం మాత్రం లోడు మీద. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచినప్పుడు రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకూ, మూడు ఇరుసులది 25 నుంచి 28.5 టన్నులకూ పెరిగింది. ఖాళీ బండిని ఆపడం నేర్చుకున్న కాలు, అంత బరువును ఎంత ముందుగా ఆపడం మొదలుపెట్టాలో ఊహించలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో కనిపించి, మెదడుకు తోచి, కాలు పెడల్ మీదికి రావడానికే ఒక సెకనుకు పైగా గడుస్తుంది. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది కాబట్టి ఆ గాలి గొట్టాల గుండా వెళ్లి చక్రాల దగ్గర పనిచేయడానికి మరో అర సెకను వేసుకోవచ్చు. అంటే బండి నెమ్మదించడం మొదలుకాకముందే పాతిక మీటర్లు కరిగిపోయాయి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుందన్నది బడిలో చదివిన సూత్రమే. కొత్త డ్రైవరు దాన్ని ముందు బండి వెనక బంపరు దగ్గర కళ్లారా చూస్తాడు.

బరువు ఒక్కటే అయితే కొన్నాళ్లకు అలవాటు పడిపోవచ్చు. కానీ సరుకు సరుకుకూ ఒక స్వభావం ఉంటుంది, అది ఏ లైసెన్సు పుస్తకంలోనూ పట్టేది కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు వస్తాయి. ఒక్కొక్కటి పది ఇరవై టన్నులుంటుంది. లారీ మీద అది తీసుకునే జాగా కొంచెమే. చూడ్డానికి బండి సగం ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, బరువంతా ఒక్క చోట కూర్చుని ఉంటుంది. గొలుసు వదులైనా, దిమ్మె కింద చెక్కలు సరిగ్గా బిగించకపోయినా, గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది, రాయి ఆగదు. దాని ముందున్నది డ్రైవరు వీపు.

గుంటూరు యార్డులో ఎక్కే మిర్చి టిక్కీలది మరో తీరు. తేలిక సరుకు కాబట్టి ఎత్తుగా పేరుస్తారు. ఎత్తు పెరిగిన కొద్దీ బరువు మధ్యబిందువు పైకి పోతుంది. నేల మీద నడిచే బండి కాస్తా మలుపులో ఊగడం మొదలుపెడుతుంది. కాంటా చీటీ మీద అంకె తక్కువగా ఉందని ధైర్యపడినవాడు ఔటర్ రింగు రోడ్డు దిగే గుండ్రటి మలుపులో స్టీరింగు కొద్దిగా ఎక్కువ తిప్పితే ఏమవుతుందో తెలుసుకుంటాడు. ఖాళీగా ఉన్నప్పుడు అదే బండి సులువుగా దాటిన రైలు వంతెన, లోడెక్కి పట్టా కట్టాక తగలొచ్చు. ఎత్తు కొలవాల్సింది బండికి కాదు, లోడుకు.

అన్నిటికంటే మోసం చేసేది ట్యాంకరు. నిండు కుండ తొణకదని మనవాళ్లు మనుషుల గురించి అంటారు. ట్యాంకరు డ్రైవరుకు అది అక్షరాలా నిజం. నిండా పట్టిన ట్యాంకరు బరువెక్కువైనా మాట వింటుంది. సగం దించుకుని బయల్దేరినప్పుడు బరువు తగ్గిందని హాయిగా అనిపిస్తుంది, అప్పుడే లోపలి ద్రవం ప్రాణమున్నదానిలా కదులుతుంది. బ్రేకు వేసి బండి ఆగిన తర్వాత వెనకనుంచి అల వచ్చి తోస్తుంది. లోపల అడ్డ పలకలుంటే ముందు వెనకల తోపు కాస్త తగ్గుతుంది, పక్కల ఊపు మిగులుతుంది. బరువు తక్కువైతే ప్రమాదం తక్కువ అని అప్పటిదాకా నేర్చుకున్నది ఇక్కడ తలకిందులవుతుంది.

ఇక కైకలూరు, ఆకివీడు, భీమవరం నుంచి ఐసు మధ్య పేర్చుకుని హౌరాకూ అస్సాంకూ పోయే చేపల లోడు. దాని స్వభావం బరువులో లేదు, గడియారంలో ఉంది. ఐసు కరుగుతున్న కొద్దీ వేళ మించిపోతుంది. ఆ తొందర డ్రైవరు కాలి మీదికి దిగుతుంది.

*

బెజవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్కుకు బండి విప్పితే డ్రైవరు కనిపిస్తాడు. క్లచ్ ప్లేటు కాలిపోయి ఉంటే, పెడల్ మీద నుంచి కాలు తీయని అలవాటు. టైరు రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే, గాలి తక్కువగా తిప్పాడు. మధ్య అరిగి అంచులు మిగిలితే ఎక్కువ పట్టించాడు. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుని రెంటినీ కోసిందంటే, దాబా దగ్గర దిగినప్పుడు చుట్టూ ఒకసారి తిరిగి చూడలేదు. బ్రేకు లైనర్లు గాజులా మెరుస్తూ, డ్రమ్ము నీలం తిరిగి ఉంటే, ఈ బండి ఈమధ్య ఘాట్ దిగింది, దించినవాడికి ఘాట్ కొత్త.

ఘాట్ దగ్గర కాసేపు ఆగాలి. కొత్త డ్రైవరు మిగతా తప్పులకు రోడ్డు రెండో అవకాశం ఇస్తుంది, ఇక్కడ ఇవ్వకపోవచ్చు. సాలూరు దాటి కొరాపుట్ వైపు పోయే పి.కోనవలస ఘాట్, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే దారి, గిద్దలూరు నంద్యాల మధ్య నల్లమల దారి, బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్: ఏ ఘాటైనా ఎక్కడం కష్టమనిపిస్తుంది, దిగడం సులువనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి చెప్తారు. ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు బండికి ఇంజను అక్కర్లేదు, భూమే లాక్కుపోతుంది.

లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. 28.5 టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందంటే, వేగం పెరగకుండా ఉండడానికి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాల్సిన శక్తి 280 లీటర్లకు పైగా నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా తెచ్చేంత. గేరులో ఉంటే అందులో పెద్ద వాటా ఇంజనూ ఎగ్జాస్ట్ బ్రేకూ పంచుకుంటాయి. న్యూట్రల్‌లో ఉంటే దాదాపు మొత్తం బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది, లైనరు పట్టు కోల్పోతుంది. మొదట కాలిన వాసన, తర్వాత పొగ, తర్వాత పెడల్ తొక్కినా బండి వినకపోవడం. ఈ మూడింటి మధ్య వ్యవధి కొన్ని మలుపులే. మాటిమాటికీ తొక్కి వదులుతుంటే ట్యాంకులో గాలి కూడా తగ్గిపోతుంది. అప్పుడు చిన్న గేరులోకి మార్చాలని తోస్తుంది గానీ అంత వేగంలో గేరు పడదు.

"ఒరేయ్ అబ్బాయ్, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు" అని పాత డ్రైవర్లు క్లీనర్లకు చెప్పే మాట ఇక్కడిదే. కొత్త బండ్ల సత్తువకు ఆ సూత్రం అచ్చంగా సరిపోదు. ఇప్పటి ఇంజను పెద్ద గేరులోనే ఎక్కేస్తుంది, దిగడానికి అంతకంటే చిన్నది కావాలి. కానీ ఆ మాటలో దాగిన విషయం మాత్రం చెక్కు చెదరలేదు: గేరు ఎంచుకోవాల్సింది దిగుడు మొదలుకాక ముందు.

మరి న్యూట్రల్‌లో ఎందుకు వదులుతారు? తెలియక కొందరు. తెలిసే ఎక్కువమంది. డీజిలు మిగులుతుందని. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే దిగుడులో డీజిలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి మాత్రం డీజిలు కాలుతూనే ఉంటుంది. అంటే వాలు దిగేటప్పుడు మిగులుతుందనుకున్నది మిగలదు. ఈ ఒక్క సంగతి ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గోడ మీదా పెద్దక్షరాలతో రాయించి పెడితే ఎంత బాగుంటుంది!

*

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రీజన్, అతని సహచరులు 1990లో ప్రచురించిన ఒక అధ్యయనం డ్రైవర్ల తప్పుల్ని విడదీసి చూసింది. పొరపాటు వేరు, ఉల్లంఘన వేరు. అద్దం చూడడం మర్చిపోవడం, దూరాన్ని తక్కువ అంచనా వేయడం, ఒక మీట అనుకుని మరో మీట నొక్కడం పొరపాట్లు. వాటికి మందు శిక్షణ, సాధన. తప్పని తెలిసీ చేసేది ఉల్లంఘన. దాని మూలం చెయ్యి తిరగకపోవడంలో లేదు, మనిషి చుట్టూ ఉన్న ఒత్తిడిలో, అలవాటులో, నలుగురూ చేస్తున్నారన్న ధీమాలో ఉంది. శిక్షణ గంటలు ఎన్ని పెంచినా అది తగ్గదు.

లారీ లోకానికి ఈ విభజనను తెచ్చి చూస్తే ఒక చేదు నిజం బయటపడుతుంది. కొత్త డ్రైవరు మొదటి నెలల్లో చేసేవి ఎక్కువగా పొరపాట్లు. సీటు అలవాటైన కొద్దీ పొరపాట్లు తగ్గుతాయి, ఉల్లంఘనలు నేర్చుకుంటాడు. న్యూట్రల్ నేర్చుకుంటాడు, ఓవర్‌లోడు నేర్చుకుంటాడు, నిద్ర చంపుకోవడం నేర్చుకుంటాడు. వీటిని అతనికి నేర్పేది రోడ్డు కాదు. డీజిలు లెక్క అడిగే ఓనరు, వేళ దాటితే కిరాయిలో కోత పెట్టే పార్టీ, ఎన్ని ట్రిప్పులు కొడితే అంత బత్తా అన్న ఏర్పాటు.

నిద్ర సంగతే చూడండి. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదనేది. ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఉండాలనేది. అయితే ఆ చట్టం ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒక బండి, రెండు బండ్లున్న ఓనర్ల దగ్గర పనిచేసే డ్రైవర్లు మన రోడ్ల మీద కోకొల్లలు. వాళ్ల దాకా ఆ కాగితం చేరలేదు. లారీ డ్రైవర్ల మీద జరిపి 2020లో వెలువరించిన ఒక సర్వేలో అలసట, నిద్ర ముంచుకొస్తున్నా బండి నడుపుతామని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు.

రాత్రి రెండు నుంచి ఐదు మధ్య శరీరం నిద్ర కోసం గుంజుతుంది. 60 వేగంలో మూడు సెకన్లు రెప్ప వాలితే బండి 50 మీటర్లు ఎవరి చేతిలోనూ లేకుండా పోతుంది. మన రాష్ట్రాల్లో పోలీసులు రాత్రివేళ హైవే మీద లారీలను ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపుతుంటారు. ఆ ఆపడంలో ఉన్న మంచి మనసును తప్పకుండా మెచ్చుకోవాలి. అయితే ఇంగ్లండులోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయంలో జిమ్ హోర్న్, లూయీస్ రేనర్ 1990లలో చేసిన పరీక్షల్లో మొహానికి చల్లగాలి కొట్టడం, రేడియో పెట్టుకోవడం వంటివి కాసేపే పనిచేస్తాయని తేలింది. పావుగంట కునుకు, కాఫీ మాత్రం నిలబడ్డాయి. కాబట్టి మొహం కడిగించిన తర్వాత అక్కడే ఓ పక్కకు బండి పెట్టించి కునుకు తీయనిస్తే ఆ కార్యక్రమం ఎన్నో రెట్లు విలువైనదవుతుంది. దానికి కావాల్సింది దీపం, కాపలా, బండి నిలిపే చోటు. డీజిలు దొంగతనం భయం లేని చోటు దొరికితే డ్రైవర్లు తామే నిద్రపోతారు.

*

తప్పు జరిగిన తర్వాత దాన్ని ఏం చేస్తారన్న దగ్గర లారీ వృత్తికీ విమాన వృత్తికీ మధ్య పెద్ద దూరం ఉంది. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ 514 విమానం ఒక కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. దిగడానికి వచ్చిన అనుమతిని పైలట్లు అర్థం చేసుకున్న తీరుకూ, కంట్రోలర్లు ఉద్దేశించినదానికీ పొంతన కుదరలేదు. దర్యాప్తులో మరో విషయం తెలిసింది. ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే చోట, అదే పొరపాటుతో, వెంట్రుకవాసిలో కొండను తప్పించుకుంది. ఆ సంగతి ఆ సంస్థ తన పైలట్లకు చెప్పింది. మిగతా సంస్థల వాళ్లకు తెలియలేదు.

ఆ దుఃఖంలోంచి 1976లో ఒక ఏర్పాటు పుట్టింది. పైలట్లు, కంట్రోలర్లు తాము చేసిన పొరపాటును, తృటిలో తప్పిన ప్రమాదాన్ని నాసాకు రాసి పంపుతారు. నాసా శిక్షించే సంస్థ కాదు, వింటుంది, పేర్లు తీసేస్తుంది, అందులోని పాఠాన్ని అందరికీ పంచుతుంది. కావాలని చేసినదీ, నేరమూ కానంత వరకు, గడువులోపు రాసినవాళ్లకు శిక్షలో కొంత రక్షణ ఉంటుంది. అప్పటినుంచి లక్షల కొద్దీ నివేదికలు చేరాయి. పైలట్లు మనకంటే నిజాయితీపరులని కాదు. చెబితే అన్నం పోదన్న నమ్మకం వాళ్లకు కలిగించారు.

లారీ మీద గీత పడిన కొత్త డ్రైవరుకు ఆ నమ్మకం లేదు. మడ్‌గార్డు వంగితే జీతంలో కోత. టైరు కోసుకుపోతే కోత. అందుకే అతను సాయంత్రం ఏదో ఒక పెయింటు షాపు దగ్గర ఆగి గీత కనబడకుండా చేసుకుంటాడు, "ఎవరో గుద్ది పోయారన్నా, నేను నిద్రలో ఉన్నాను" అంటాడు. ఓనరుకు డబ్బు మిగిలింది. పోయినదేమిటంటే, ఆ మలుపు దగ్గర వచ్చే వారం తిరగబోయే మరో డ్రైవరుకు అందాల్సిన కబురు.

ఒకప్పుడు ఆ కబురును మోసేది క్లీనరు. ఎడమ సీట్లో కూర్చుని "రైట్ రైట్", "రానీ రానీ", "హోల్డాన్!" అంటూ ఏళ్ల తరబడి అరిచిన కుర్రాడు, స్టీరింగు పట్టకముందే గురువు చేసిన ప్రతి తప్పునూ పక్కనుండి చూసేవాడు. ఇనుప రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడును బట్టి గాలి చెప్పడం, పట్టా తాడు ఏ ముడి వేస్తే గాలికి జారదో, వాలులో బండి ఆపితే టైరు కింద చెక్క దిమ్మె ఏ పక్క పెట్టాలో, అన్నీ చూసి నేర్చుకునేవాడు. ఆ పద్ధతిని పొగడ్తలతో ముంచెత్తడం న్యాయం కాదు. బడికి పోవాల్సిన వయసు పిల్లలు అందులో నలిగారు, దెబ్బలు తిన్నారు, లైసెన్సు లేకుండానే అర్ధరాత్రి ఖాళీ రోడ్ల మీద స్టీరింగు పట్టారు. ఆ పద్ధతి పోవడం ఒక రకంగా మంచిదే. కానీ దాని స్థానంలో ఏదీ రాలేదు. ఇవాళ చాలా లారీలు ఒక్క డ్రైవరుతోనే పోతున్నాయి. రివర్సు తీసేటప్పుడు వెనక నిలబడి చూసే మనిషి లేడు. అంతకంటే పెద్ద లోటు, డ్రైవరు తప్పు చేసిన నిమిషంలో "ఏమైందన్నా?" అని అడిగే మనిషి లేడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంలోనే సగం నేర్చుకోవడం ఉంది.

దాబా దగ్గర మంచాల మీద ఆ సంభాషణ ఇంకా కొంత బతికి ఉంది. సాలూరు ఘాట్‌లో ఫలానా మలుపు వానొస్తే జారుతుందని, ఫలానా ఊరి వంతెన మీద పోసిన కొత్త తారు ఎత్తు పెరిగిందని, చేపల లారీల నుంచి కారిన నీళ్లతో ఫలానా చోట రోడ్డు నునుపెక్కిందని రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటూ చెప్పుకుంటారు. విలువ కట్టలేని సమాచారం అది. కానీ ఆ రాత్రి ఆ మంచం మీద ఉన్న నలుగురికే దక్కుతుంది.

పెద్ద ప్రమాదమే జరిగితే నోరు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షను ప్రకారం డ్రైవరు గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, ఇరవై నాలుగు గంటల్లోపు పోలీసులకు తెలపాలి. గుంపు ఆగ్రహం వల్ల సాధ్యం కాకపోతే తప్ప, అని ఆ సెక్షనులోనే ఒక మినహాయింపు ఉంది. చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు, రోడ్డు మీద ఆగిన డ్రైవరుకు ఏం జరుగుతుందో. 2024 జనవరి మొదట్లో దేశమంతటా లారీలు ఆగి, హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ప్రమాదంలో మనిషి చనిపోతే, చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష అన్న భారతీయ న్యాయ సంహిత 106(2) నిబంధన మీద ఆ సమ్మె జరిగింది. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను ఆపి ఉంచారు. పారిపోవడం తప్పే, అందులో రెండో మాట లేదు. గాయపడిన మనిషికి మొదటి గంటే ప్రాణం. అయితే ఆగితే కొడతారు, పోతే జైలు అన్న రెండు గోడల మధ్య నిలబడినవాడు తన తప్పు నుంచి నేర్చుకునే స్థితిలో ఉండడని కూడా గుర్తించాలి.

చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. చూపు మందగించి, నడుము నొప్పితో సీటు దిగిన పాత డ్రైవర్లు ప్రతి లారీ స్టాండు దగ్గరా టీ కొట్టు ముందు కనిపిస్తారు. కొత్త డ్రైవరుకు మొదటి ఘాట్, మొదటి ట్యాంకరు, మొదటి గ్రానైటు లోడు అప్పగించేటప్పుడు వాళ్లలో ఒకరికి బత్తా ఇచ్చి పక్క సీట్లో కూర్చోబెట్టవచ్చు. శిక్షణ కేంద్రాలు తమ గంటల్లో కొన్నిటిని కాంటా చీటీ చేతికిచ్చి, లోడు బండి మీద, వాలు రోడ్డు మీద గడపవచ్చు. చిన్న గీతలకు జీతం కోయడం మానేసి, ఎక్కడ, ఎలా పడిందో మూడు ముక్కలు చెప్పించుకుంటే, ఆ మూడు ముక్కలు కొత్త మడ్‌గార్డు కంటే ఎక్కువ విలువ చేస్తాయి.

కబురు పంచే దారి ఎలాగూ అందరి జేబుల్లోనే ఉంది. డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ టోల్‌గేటు దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టరు కాపు కాశాడో నిమిషాల్లో తెలిసిపోతుంది. రాయడం రాకపోయినా వాయిస్ మెసేజ్ పెట్టడం అందరికీ వచ్చు. అదే గొంతుతో ఫలానా కిలోమీటరు రాయి దగ్గర లోడుతో దిగుతుంటే తన బ్రేకు వేడెక్కిందనీ, మూడో గేరులోకి ముందే రావాల్సిందనీ ఒకరు చెబితే, ఆ రాత్రి ఆ దారిన పోయే వాళ్లందరికీ అందుతుంది. ఇప్పుడు అలాంటి మెసేజ్ పెట్టడానికి కొత్త డ్రైవరు వెనకాడతాడు, ఎందుకంటే ఆ గ్రూపులో ఓనరు కూడా ఉండొచ్చు, లేదా ఓనరు తమ్ముడు. పేరు తీసేసి, నంబరు దాచి, విన్నది అందరికీ పంపే ఒక మధ్యవర్తి కావాలి. లారీ యజమానుల సంఘాలు, డ్రైవర్ల యూనియన్లు, రవాణా శాఖ మూడూ ఒక గదిలో కూర్చుంటే, ఆ పని ఎవరు చేయాలన్నది ఒక పూటలో తేల్చుకోవచ్చు. రవాణా శాఖ తప్ప ఎవరైనా పరవాలేదు, దాని చేతిలో లైసెన్సు రద్దు చేసే కలం ఉంది కాబట్టి.